"రేంజ్ ఎంత" అని నన్నిక అడగకండి

ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ కొన్న మరుక్షణం నుంచి మీరు నడిచే ఎంక్వైరీ కౌంటర్. లిఫ్టులో అడుగుతారు, ఆఫీసు పార్కింగ్‌లో అడుగుతారు, సిగ్నల్ దగ్గర అద్దం దించి మరీ అడుగుతారు: "ఫుల్ ఛార్జ్ చేస్తే ఎంత వస్తుంది సార్?" నంబర్ చెప్తే కొందరు "అంతేనా" అని పెదవి విరుస్తారు, ఇంకొందరు "నిజంగా అంత వస్తుందా" అని అనుమానంగా చూస్తారు. రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చే కారుకి అది అసలు అడగాల్సిన ప్రశ్నే కాదు అని ఇద్దరికీ అరిచి చెప్పాలనిపిస్తుంది.

లెక్క చూడండి. రానూపోనూ 40 కిలోమీటర్లు అనుకుందాం. మధ్యరకం ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ 100 కిలోమీటర్లకు 16 నుంచి 20 యూనిట్ల (కిలోవాట్-అవర్ల) కరెంటు తింటుంది. అంటే రోజుకి ఏడెనిమిది యూనిట్లు. బ్యాటరీ 60 యూనిట్లదైతే పనిదినాలన్నీ ప్లగ్ జోలికి పోకుండా లాగించేయొచ్చు. గీజర్‌కి పెట్టుకునే లాంటి 3 కిలోవాట్ల మామూలు పాయింట్ ఉన్నా చాలు, ఆ రోజు ఖర్చయింది మూడు గంటల్లో తిరిగి వచ్చేస్తుంది. మిగతా రాత్రంతా కారు ఊరికే నిలబడి ఉంటుంది. దీనికి ఐదొందల కిలోమీటర్ల రేంజ్ ఎందుకు?

బ్రోషర్‌లో వేసే ఆ నంబరు సంగతి కూడా తెలిసిందే. రేంజ్ తేల్చడానికి యూరప్‌లో 2017 నుంచి వాడుతున్న డబ్ల్యూఎల్‌టీపీ పరీక్ష అరగంటది. 23 కిలోమీటర్ల పైచిలుకు దూరం, సగటు వేగం గంటకు 46 కిలోమీటర్ల చిల్లర, గది ఉష్ణోగ్రత 23 డిగ్రీలు, ఏసీ ఆఫ్. రోలర్ల మీద కారుని అలా తిప్పి తెచ్చిన అంకెని పట్టుకుని ఎండలో, వానలో, చలిలో నిజం చెప్పమంటే అదేం చెప్తుంది?

నన్నడిగితే ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లు తేల్చుకోవాల్సింది ఒక్కటే: రాత్రిపూట కారు ఎక్కడ ఉంటుంది, అక్కడ ప్లగ్ ఉందా? మొన్న మా ఆఫీసులో ఒకతను బ్యాటరీ సైజులన్నీ ఎక్సెల్ షీట్‌లో పెట్టుకుని వచ్చాడు. "కారు ఎక్కడ పెడతావు?" అన్నాను. "రోడ్డు మీదే అన్నా, ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ." అయితే పెట్రోలు ఇంజనూ, మోటారూ రెండూ ఉండే హైబ్రిడ్ తీసుకో అన్నాను. మొహం మాడ్చుకున్నాడు. నువ్వు కొన్నావు గానీ నన్ను కొనొద్దంటావా అన్నట్టు చూశాడు. కానీ ఆ రెండు జీవితాలూ వేరు. ఇంట్లో ప్లగ్ ఉన్నవాడికి ఛార్జింగ్ అంటే దిగేటప్పుడు పది సెకన్ల పని. లేనివాడికి అది వారానికి ఒకటి రెండు సార్లు కూర్చుని చేయాల్సిన డ్యూటీ.

ఆ డ్యూటీ ఎలా ఉంటుందో దూరప్రయాణాల్లో నాకూ తెలిసింది. ఛార్జర్ మీద 120 కిలోవాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. పక్క ఛార్జింగ్ గన్‌కి ఇంకో కారు తగిలిస్తే చాలాచోట్ల ఆ పవర్ రెండుగా చీలిపోతుంది. పది శాతం నుంచి ఎనభై దాకా చకచకా ఎక్కుతుంది. ఆ తర్వాత సెల్స్ వోల్టేజ్ పైపరిమితికి చేరువవుతుంది కాబట్టి కారే కరెంటు తగ్గించేసుకుంటుంది. చివరి ఇరవై శాతానికి, అంతకుముందు డెబ్బై శాతానికి పట్టినంత టైమ్ పట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇది తెలియనివాడో, తెలిసినా లెక్కలేనివాడో ఒకడు తొంభై మూడు శాతం దగ్గర గన్ తగిలించి భోజనానికి వెళ్లిపోతాడు. అద్దంలోంచి ఆ అంకె చూస్తూ నిలబడటం ఎంత మంటగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. బాబూ, ఎనభై దాటాక ఆ పాయింట్ వెనకవాడిది. ఫోన్ నంబరన్నా డ్యాష్‌బోర్డు మీద పెట్టి వెళ్లు.

ఇంట్లో ప్లగ్ కూడా ఊరికే రాలేదు లెండి. నా మీటర్ నుంచి నా పార్కింగ్ స్థలానికి నా ఖర్చుతో వైరు లాక్కుంటానంటే మా అపార్ట్‌మెంట్ కమిటీ చేసిన హడావుడి ఇంతా అంతా కాదు. మంటలొస్తాయన్నారు, లోడు పడుతుందన్నారు, రేపు అందరూ అడుగుతారన్నారు. ఆ సెల్లార్ నిండా ట్యాంకుల్లో పెట్రోలు నింపుకున్న బండ్లే ఉన్నాయి, దాని మీద మాత్రం ఎవరికీ చింత లేదు. లోడు మించితే ఆఫయ్యే ఎంసీబీ విడిగా, కరెంటు లీకేజీని పట్టే ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్, మందం సరిపోయే వైరు: ఈ నాలుగూ ఉన్నాయా అని అడగండి, చూపిస్తాను. అడగాల్సింది అదే. పాత సాకెట్‌కి ఎక్స్‌టెన్షన్ బాక్స్ తగిలించి రాత్రంతా ఛార్జ్ పెట్టేవాడితో మాత్రం నేనూ గొడవపడతాను. గంటల తరబడి పూర్తి లోడు లాగితే సన్న వైరు, లూజు పిన్ను వేడెక్కుతాయి.

ఇక ట్రాఫిక్. ఈ కారు మీద నాకున్న ప్రేమంతా ఇక్కడే. రెండు టన్నుల బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే దాని కదలికలో దాదాపు 77 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. పది వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఏడు గంటలకు పైగా వెలిగేంత. ఎర్రలైటు పడగానే పెట్రోలు కారు దాన్నంతా బ్రేకుల దగ్గర వేడిగా మార్చి గాల్లో కలిపేస్తుంది. ఇక్కడ యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే మోటారే జనరేటర్‌గా మారి అందులో సగానికి పైగా తిరిగి బ్యాటరీలో వేస్తుంది. దీన్నే రీజెన్ అంటారు. ఆగి కదిలే ట్రాఫిక్‌లో అందుకే ఈ కార్లు పొదుపు. హైవే మీద మైలేజీ పెరిగి ఊళ్లో తగ్గడం పెట్రోలు కారు లక్షణం, ఇక్కడ అది తలకిందులు. లీటరు పెట్రోలులో దాదాపు తొమ్మిది యూనిట్ల శక్తి ఉంటుంది. ఆ లెక్కన నా 60 యూనిట్ల బ్యాటరీ అంటే ఏడు లీటర్ల పెట్రోలు కూడా కాదు! ఆ కాస్తతో మూడొందల కిలోమీటర్లు దాటడం మోటారు గొప్పతనం. దాన్ని పక్కనపెట్టి స్క్రీన్ ఎన్ని అంగుళాలని అడుగుతారు జనం.

"ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఏసీకి బ్యాటరీ అయిపోదా?" అనేది ఇంకో టెన్షన్. బండి ఆగితే మోటారు ఏమీ తీసుకోదు. ఏసీ గట్టి ఎండలో గంటకు ఒకటిన్నర యూనిట్ దాకా తీసుకుంటుంది. సగం నిండిన 60 యూనిట్ల బ్యాటరీతో ఆ ఏసీ ఇరవై గంటలు నడుస్తుంది. అంతసేపు ఒకే సిగ్నల్ దగ్గర ఉన్నామంటే సమస్య కారుది కాదు, ఆ ఊరిది.

చిన్న చికాకులు లేవా అంటే ఉన్నాయి. బ్రేకింగ్ రీజెన్ గట్టిగా పెట్టుకుని ఒక్క పెడల్‌తో నడపడం నడిపేవాడికి భలే సరదా, వెనక కూర్చున్నవాళ్లకి కడుపులో తిప్పుడు. ఇంట్లోవాళ్లు ఎక్కితే నేను రీజెన్ తగ్గించేస్తాను. ఫుల్ ఛార్జ్‌తో బయటికొచ్చిన పొద్దున తిరిగొచ్చే కరెంటుకి బ్యాటరీలో చోటుండదు కాబట్టి, కాలు తీస్తే కారు ఆగదు. చాలా కార్లలో ఇంతే. మొదటి మలుపులోనే గుండె జారుతుంది. మామూలు బ్రేకుల వాడకం ఎంత తక్కువంటే డిస్కులు తుప్పు పడుతుంటాయి. ఫోక్స్‌వ్యాగన్ ఐడీ.4కి వెనక డ్రమ్ బ్రేకులు పెడితే పాతకాలపువని చాలామంది నవ్వారు గానీ, అవి మూసి ఉంటాయి కాబట్టి తుప్పు బెడద తక్కువ, నాకైతే అందులో తర్కం కనిపించింది.

ఇప్పుడు అసలు కోపం దగ్గరికి వస్తాను. మోటారు బాగుంది సరే, దాని చుట్టూ ఇంత పెద్ద ఒళ్లెందుకు? పొద్దున నా కారులో నేనొక్కణ్ణే, ఒక ల్యాప్‌టాప్ బ్యాగు, ఒక నీళ్ల సీసా. వీటిని మోయడానికి రెండు టన్నుల బండి. సన్నికల్లు మోసుకుంటూ పరుగు పందేనికి వెళ్లినట్టుంది. కంపెనీల వైపు నుంచి చూస్తే కారణం అర్థమవుతుంది. బ్యాటరీ నేల కింద పరుచుకుంటుంది, దానివల్ల నేల పైకి లేస్తుంది, సీట్లు పైకి లేస్తాయి, పైకప్పు కూడా. సెడాన్‌లో ఆ ఎత్తు దాచడం కష్టం, ఎస్‌యూవీలో అదే ఫ్యాషన్. పెద్ద కారులో లాభం కూడా ఎక్కువ. 2010లో వచ్చిన నిస్సాన్ లీఫ్ 24 యూనిట్ల బ్యాటరీతో వచ్చిన హ్యాచ్‌బ్యాక్. ఆఫీసుకి వెళ్లొచ్చే మనిషిని చూసి చేసిన బండి. 2023కి వచ్చేసరికి ప్రపంచంలోనే ఎక్కువ అమ్ముడైన కారు టెస్లా మోడల్ వై. అది ఎస్‌యూవీ వరసే. ఈ పదమూడేళ్లలో మన ఆఫీసులేమీ దూరం జరిగిపోలేదే!

ఎత్తు వల్ల ఊళ్లో పెద్ద నష్టం లేదు, నిజమే. గాలి అడ్డం వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 120కి వెళ్తే రెండుంపావు రెట్లు. అందుకే హైవే ఎక్కగానే ఆ ఎత్తు మొహం కళ్లముందే శాతాలు మింగేస్తుంది. ఊళ్లో దెబ్బ వేరే చోట పడుతుంది. ఒకటి టైర్లు. బరువుకి తోడు, కాలు పెట్టిన క్షణమే పూర్తి టార్క్ (చక్రాల్ని తిప్పే బలం) వచ్చిపడటంతో టైర్లు త్వరగా అరుగుతాయి. పొగ గొట్టం లేదు కాబట్టి నాది పరమ శుద్ధమైన కారు అని గొప్పలు చెప్పుకునేవాళ్లు ఈ రబ్బరు పొడి గురించి మాట్లాడరు. యూరప్ తన యూరో 7 కాలుష్య నిబంధనల్లో బ్రేకుల ధూళిని, టైర్ల అరుగుదలని కూడా చేర్చింది, ఎలక్ట్రిక్ కార్లకి కూడా వర్తించేలా.

రెండోది వెడల్పు. నా పార్కింగ్‌కి ఓ పక్క పిల్లర్, ఇంకో పక్క ఇంకొకరి కారు. తలుపు జానెడు తెరిచి, పొట్ట లోపలికి లాక్కుని, బ్యాగు ముందు బయటికి తోసి, తర్వాత నేను దిగుతాను. ఛార్జింగ్ పోర్ట్ వెనక పక్కనుంది, గన్ పట్టుకుని పిల్లర్‌కి చొక్కా రాసుకుంటూ అక్కడికి వెళ్లాలి. ఈ సర్కస్ చేస్తున్నప్పుడే ఎవరో వచ్చి రేంజ్ అడుగుతారు.

అన్నీ తిట్టి ఒకటి చెప్పకపోతే అన్యాయం. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ ఈ కారులోకి వంగకుండా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి కూర్చుంటుంది. స్పీడ్ బ్రేకర్ల దగ్గర కింద బ్యాటరీకి తగులుతుందేమో అన్న భయమూ తక్కువే. నేను ఎస్‌యూవీ తీసుకున్నదే ఈ రెండింటి కోసం, మళ్లీ కొన్నా కారణాలు ఇవే ఉంటాయి. కానీ ఆ ఎత్తు కావాలంటే ఈ పొడవు, వెడల్పు, బరువు కూడా కొనుక్కోవాల్సిందే అనడం ఏం బేరం?

పన్నెండు వోల్టుల బ్యాటరీ గురించి అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు. ఒక పొద్దున యాప్‌లో పెద్ద బ్యాటరీ 70 శాతం పైన చూపిస్తోంది, కారు మాత్రం తలుపు కూడా తెరవడం లేదు. పెద్ద బ్యాటరీని కారుతో కలిపే కాంటాక్టర్ స్విచ్‌లు ఆన్ అవ్వాలంటే ఆ చిన్న బ్యాటరీ కరెంటు కావాలి. అది చచ్చిపోతే కింద ఎన్ని యూనిట్లున్నా బండి బండరాయే. తాళంచెవిలో దాచిన ఇనుప తాళంతో తలుపు తీసి, పక్కాయన పెట్రోలు కారు అరువడిగి జంప్ స్టార్ట్ చేయాల్సి వచ్చింది. ఆయన ముసిముసి నవ్వు ఇప్పటికీ లిఫ్టులో కనిపిస్తుంటుంది. సర్వీసువాళ్లు "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ సార్" అన్నారు. వాళ్లకి అన్ని రోగాలకీ మందు అదే.

ఆ సాఫ్ట్‌వేర్ మోజులోనే బటన్లు కూడా మాయం చేశారు. ఏసీ గాలి పక్కకి తిప్పడానికి మెనూలోకి వెళ్లాలి. ట్రాఫిక్‌లో కళ్లు రోడ్డు మీద పెట్టాలా, స్క్రీన్ మీద పెట్టాలా? కార్ల భద్రతకి మార్కులేసే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుంచి ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, అత్యవసర కాల్ లాంటి వాటికి విడి బటన్లో మీటలో లేకపోతే మార్కులు కోస్తామంది. ఆ జాబితాలో ఏసీ లేదు, నా ఖర్మ.

ఇక బ్యాటరీ పోతే ఎలా అని వణికేవాళ్లకి ఒక మాట. చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల దాకా 70 శాతం సామర్థ్యానికి హామీ ఇస్తున్నాయి. రోజూ కాస్త వాడి, రాత్రి నిదానంగా ఛార్జ్ చేసే ఆఫీసు కారు బ్యాటరీకి దొరికే సుఖమైన జీవితం. మీ బ్యాటరీ రకం ఐరన్ ఫాస్ఫేట్ ఉండే ఎల్‌ఎఫ్‌పీనా, ఎన్‌ఎంసీనా అన్నది మాత్రం తెలుసుకోండి. నికెల్ ఉండే ఎన్‌ఎంసీని రోజువారీగా ఎనభై దగ్గర ఆపడం మేలు. ఎల్‌ఎఫ్‌పీలో ఛార్జ్ తగ్గుతున్నా వోల్టేజ్ దాదాపు సమంగా ఉండి, ఎంత మిగిలిందో కారుకే సరిగా అంతుచిక్కదు కాబట్టి, అప్పుడప్పుడు నూరు దాకా నింపమంటారు. వాట్సాప్ గ్రూపుల్లో ఈ రెండు పార్టీలవాళ్లు ఒకరి సలహా ఇంకొకరికి ఇచ్చి కొట్టుకుంటుంటారు.

కంపెనీలకి నా ఆఖరి ఫిర్యాదు. చిన్న బ్యాటరీ వేరియంట్ అడిగితే దాంతోపాటు సగం ఫీచర్లు పీకేస్తారు. మంచి హెడ్‌లైట్లు, 360 కెమెరా, గాలి వచ్చే సీట్లు కావాలంటే పెద్ద బ్యాటరీ కొనాల్సిందే. రోజుకి ఎనిమిది యూనిట్లు వాడేవాడు ఎనభై యూనిట్లు మోసుకు తిరిగేది అందుకే. నాకు 40 యూనిట్లు చాలు, కానీ ఆ పిల్లర్ పక్కన పెట్టుకోవడానికి కెమెరా కావాలి. ఈ రెండూ కలిపి అమ్మే షోరూమ్ ఏదైనా ఉంటే కామెంట్లో పెట్టండి. రేంజ్ ఎంతో రాయకండి.