సున్నా వస్తే మంచు లేదని కాదు బాబాయ్

"లక్షేళ్ల కిందట కూడా ఆర్కిటిక్‌లో మంచు కరిగింది, అప్పుడు కార్లున్నాయా ఫ్యాక్టరీలున్నాయా" అని నిన్న మా ఫ్యామిలీ గ్రూప్‌లో బాబాయి ఒక ఫార్వర్డ్ పెట్టారు. అప్పట్నుంచీ మనసు కుదురుగా లేదు, ఇది అక్కడ రెండు లైన్లలో తేలేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

అసలు అప్పటి సముద్రపు మంచు సంగతి మనకెలా తెలిసింది? మంచు కరిగి నీళ్లలో కలిసిపోతుంది కదా. దాని అడుగున అంటుకుని బతికే కొన్ని డయాటమ్‌లు, అంటే కంటికి కనపడనంత చిన్న నాచు, 25 కార్బన్లున్న ఒక పదార్థాన్ని తయారుచేస్తాయి, అది సముద్రం అడుక్కి దిగి బురదలో లక్షల ఏళ్లు అలాగే ఉండిపోతుంది. 2007లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో సైమన్ బెల్ట్ టీమ్ దానికి ఐపీ25 అని పేరు పెట్టింది. బురదలో అది దొరికిందంటే పైన ఏటా వచ్చిపోయే మంచు ఉండేదని.

మరి దొరక్కపోతే? మంచే లేకపోయినా సున్నానే, మంచు ఏడాది పొడుగునా మందంగా పేరుకుని కిందకి వెలుతురు దిగక నాచు బతకలేకపోయినా సున్నానే! పూర్తిగా ఎదురెదురు పరిస్థితులకి ఒకటే అంకె. అందుకే మంచు లేని నీళ్లలో పెరిగే నాచు వదిలిన స్టెరాల్స్‌ని, అంటే కొవ్వు లాంటి పదార్థాల్ని కూడా కొలుస్తారు, అవి బాగా ఉంటే పైన నీళ్లు, అవీ లేకపోతే మందపాటి మంచు. ఇంత ఓపిగ్గా చేసే పనిని ఒక్క ఫార్వర్డ్‌తో కొట్టిపారేస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

సుమారు 1,27,000 ఏళ్ల కిందటి వెచ్చటి కాలం గురించి శాస్త్రవేత్తల్లో వాళ్లకే పేచీ ఉంది. మధ్య ఆర్కిటిక్‌లో వేసవిలో కూడా మంచు నిలిచిందని 2017లో జర్మనీ వాళ్లు ఈ బురద చూసే చెప్పారు. 2020లో బ్రిటిష్ వాళ్ల క్లైమేట్ మోడల్‌లో, అంటే కంప్యూటర్‌లో వాతావరణాన్ని లెక్కగట్టి చూస్తే, మంచు మీద నీటి మడుగులు కట్టి ఎండని ఇంకా ఎక్కువ పీల్చుకుని, వేసవికి మొత్తం పోయింది. 2023లో స్టాక్‌హోమ్ వాళ్లకి ఈనాడు దట్టమైన మంచు ఉన్నచోటే, మంచు కప్పని నీళ్లలో మేత దొరికితే తప్ప బతకని ఫొరామినిఫెరా అనే ఒంటికణపు జీవుల గుల్లలు ఆ కాలపు పొరల్లో కనిపించాయి. నాకు ఈ గుల్లల సాక్ష్యమే బలంగా అనిపిస్తుంది, ఎందుకంటే తిండి లేనిచోట జీవి ఉండదు.

సరే, కరిగిందనే అనుకుందాం బాబాయ్. అప్పుడు గాల్లో కార్బన్ డయాక్సైడ్ 280 పీపీఎం (పది లక్షల్లో 280 వంతులు) దగ్గర్లోనే ఉంది, ఇప్పుడు 420 దాటింది. అప్పుడు కరిగించింది ఎండ. భూమి ఇరుసు ఇంకాస్త ఎక్కువ వంగి ఉండి, ఉత్తరాన వేసవి వచ్చే టైంకి భూమి సూర్యుడికి దగ్గరగా ఉండేది. ఇప్పుడు జూలై మొదట్లో భూమి సూర్యుడికి అత్యంత దూరంగా ఉంటుంది, అంటే ఆ సాయం లేదు, అయినా 2012 సెప్టెంబర్‌లో ఆర్కిటిక్ మంచు సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకి పడిపోయింది, 1979 నుంచీ ఉన్న శాటిలైట్ రికార్డులో అంత తక్కువ ఇంకెప్పుడూ లేదు. కార్లు లేకుండా ఎండ ఒక్కటే ఆ పని చేసిందంటే ఆ మంచు ఎంత సున్నితమైందో చూడండి, అది చూసి ధైర్యం ఎలా వస్తుంది చెప్పండి?