క్రిస్మస్ ట్రీ కుండీలో ఐస్ ముక్కలెందుకు?

డిసెంబర్ రాగానే వరంగల్ వాట్సాప్ గ్రూపుల్లో ఓ మెసేజ్ తిరగడం మొదలవుతుంది. "నర్సరీల్లో అమ్మే క్రిస్మస్ ట్రీ మంచు దేశాల మొక్క, రోజూ ఐస్ ముక్కలు వేయాలి. మనిషెత్తు దాటదు. కొస తుంచితే గుబురవుతుంది. రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుంది. దక్షిణానికి వంగితే ఇంటికి అరిష్టం." ఇదీ దాని సారం. చదివినవాళ్లు చదివినట్టే పంపేస్తున్నారు.

మొదట మంచు సంగతి. హన్మకొండ, కాజీపేటల్లో మనం కొనేది ఎక్కువగా అరకేరియా అనే జాతి మొక్క. యూరప్‌లో పండక్కి ఇంట్లో పెట్టే స్ప్రూస్, ఫర్ చెట్లు వేరు. నార్‌ఫోక్ పైన్ అనే అరకేరియా పుట్టిల్లు పసిఫిక్ సముద్రంలో, ఆస్ట్రేలియాకు తూర్పున ఉన్న నార్‌ఫోక్ దీవి. అక్కడ మంచు కురవదు, ఎండాకాలంలోనూ 30 డిగ్రీలు దాటదు. గడ్డకట్టే చలి దీనికి పడదు, ఐస్ వేస్తే వేళ్లకు బాధే. మన దగ్గర దీని అసలు గండం ఏప్రిల్, మే నెలల వడగాలి. పలచని నీడ ఇవ్వండి, మట్టి తడి ఆరనివ్వకండి, నీళ్లు మాత్రం నిలవనివ్వకండి.

మనిషెత్తు మాట మరీ నవ్వొచ్చేది. 1774లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ జేమ్స్ కుక్ ఆ దీవి చెట్లను చూసి ఓడల తెరచాప స్తంభాలకు పనికొస్తాయనుకున్నాడు. నేలలో నాటితే 50 మీటర్లు దాటగల చెట్టు ఇది! కుండీలో ఉన్నన్నాళ్లే నెమ్మది. కాబట్టి ప్రహరీ పక్కన, కరెంటు తీగల కింద నాటే ముందు ఆలోచించుకోండి.

కొస తుంచడం గులాబీకి చెల్లుతుంది, దీనికి కాదు. నిటారుగా పెరిగేది ఆ నడి చిగురే. అది పోతే అంతస్తుల ఆకారం చెడిపోతుంది. పక్క కొమ్మను తెచ్చి అంటు కట్టినా, నాటినా అది అడ్డంగానే సాగుతుంది. కింద ఎండి రాలిన కొమ్మ చోట కొత్తది రాదు.

రాత్రి ఆక్సిజన్ గురించి ఒక్క ముక్క చాలు: వెలుతురు లేనప్పుడు మొక్క కూడా మనలాగే ఆక్సిజన్ వాడుకుంటుంది.

ఇక ఆ అరిష్టం. నర్సరీల్లో నార్‌ఫోక్ పైన్ పేరుతో తరచూ అమ్ముడుపోయేది దాని దగ్గరి చుట్టం, పసిఫిక్‌లోనే ఉన్న న్యూ కాలెడోనియా దీవులకు చెందిన కుక్ పైన్. చిన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. పెద్దయ్యాక కుక్ పైన్ పొట్టి కొమ్మలతో సన్నని స్తంభంలా కనిపిస్తుంది, నార్‌ఫోక్ పైన్ కొమ్మలు వెడల్పుగా చాచుతుంది. 2017లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఐదు ఖండాల్లోని 256 కుక్ పైన్‌లను కొలిచారు. ఉత్తరార్ధగోళంలోవి దక్షిణానికి, దక్షిణార్ధగోళంలోవి ఉత్తరానికి, అంటే భూమధ్యరేఖ వైపే వంగి ఉన్నాయి. సగటు వంపు 8 డిగ్రీలకు పైనే. వరంగల్ భూమధ్యరేఖకు 18 డిగ్రీల ఉత్తరాన ఉంది. ఇక్కడ పెరిగిన కుక్ పైన్ దక్షిణానికి వాలిందంటే వాస్తు పంతులును కాదు, చెట్టు జాతిని అడగాలి. మొదలు దగ్గర మట్టి లేచి, వేళ్లు కదులుతుంటే తప్ప దాన్ని కొట్టేయాల్సిన పనిలేదు.