పేపర్ నడిపింది చెన్, బోర్డు మీద పేరు సన్‌ది

హాంకాంగ్‌లో చైనా విప్లవ నాయకుడు సన్ యాట్-సెన్ పేరిట మ్యూజియం ఉన్న భవనంలో సన్ ఒక్కరోజు కూడా కాపురం లేడు. 1914లో హో కామ్-టాంగ్ అనే వ్యాపారి కట్టుకున్న ఇల్లది, ఇద్దరూ ఒకే స్కూల్లో చదివారు, అంతే చుట్టరికం. 2006లో మ్యూజియం తెరిచారు. అందులో శాశ్వత ప్రదర్శనలు రెండు: ఒకటి సన్, ఆధునిక చైనా గురించి, రెండోది సన్ కాలపు హాంకాంగ్ గురించి. అంటే ఆ రోజుల్లో అక్కడ ఎవరు ఏం చేసినా ఆయన పేరు కిందే సర్దుకోవాలి. విప్లవకారుల పేపర్ నడిపిన చెన్ షావోబాయ్‌నీ అలాగే సర్దేశారు. నాకు నచ్చనిది అదే.

చెన్ 1869లో గ్వాంగ్‌డాంగ్‌లో పుట్టాడు, హాంకాంగ్‌లో డాక్టరు చదువులో చేరి మధ్యలో మానేశాడు. సన్‌తో, ఇంకో ఇద్దరు మిత్రులతో గఫ్ స్ట్రీట్‌లోని ఒక కొట్లో కూర్చుని అప్పట్లో చైనాను ఏలుతున్న మంచూ ప్రభుత్వాన్ని తిట్టిపోస్తుంటే జనం వీళ్లకు 'నలుగురు బందిపోట్లు' అని పేరు పెట్టారు. ఆ నలుగురూ వరసగా కూర్చున్న ఫొటో బాగా ప్రసిద్ధి. చెన్ పరిచయం చాలామందికి అక్కడితోనే ఆగిపోతుంది.

కానీ తేదీలు చూడండి. సన్ వర్గం తలపెట్టిన 1895 గ్వాంగ్‌జౌ తిరుగుబాటు విఫలమయ్యాక, 1896లో హాంకాంగ్‌ను ఏలుతున్న బ్రిటిష్ ప్రభుత్వం సన్‌ను ఐదేళ్లు బహిష్కరించింది. 1900 జనవరిలో స్టాన్లీ స్ట్రీట్ 24వ నంబరులో చెన్ పేపర్ 'జోంగ్‌గువో రిబావో' (అంటే 'చైనా దినపత్రిక') మొదలైనప్పుడు నాయకుడికి ఊళ్లో అడుగుపెట్టే వీలే లేదు. (ఇప్పటి ప్రభుత్వ 'చైనా డైలీ' ఇది కాదు, అది 1981లో వచ్చింది.) అచ్చు సామగ్రి జపాన్ నుంచి సన్ ఏర్పాటు చేశాడు, కాదనను, కానీ రేపటి సంచికలో ఏం రాయాలి, ఎంతవరకు రాయాలి, కాగితానికి డబ్బెక్కడ దొరుకుతుంది అన్న టెన్షన్ అంతా చెన్‌దే.

బ్రిటిష్‌వాళ్లు ఏమంటారో తేలక మొదటి కొన్ని నెలలు ఆ పేపర్ విప్లవం మాట బాహాటంగా ఎత్తలేదు. పిరికితనం అనేవాళ్లుంటారు. నేను మాత్రం మూతపడకుండా మర్నాడు కూడా అచ్చయ్యే పేపరే పనికొస్తుందని తెలిసిన ఎడిటర్ లెక్క అంటాను. జపాన్ పత్రికల్లా పొట్టి వరుసల్లో పేజీ కూర్చి, కాంటనీస్ పాటల బాణీల్లో వ్యంగ్యం రాయించి, వ్యాసాలు చదవని వాళ్ల నోళ్లలోకి కూడా దాన్ని ఎక్కించారు. అదే ఏడాది సన్ వర్గం చేసిన హుయ్‌జౌ తిరుగుబాటుకు ఆ ఆఫీసే రహస్య స్థావరం. ఆ మరుసటి జనవరిలో సహచరుడు యాంగ్ చూయున్‌ను మంచూ ప్రభుత్వ మనుషులు హాంకాంగ్‌లోనే కాల్చి చంపారు, అయినా పేపర్ ఆగలేదు.

ఇదంతా అద్దాల పెట్టెలో ఒక పాత సంచిక పెట్టి చెప్పేది కాదు. చెన్‌కు, అతని పేపర్‌కు విడిగా ఒక గది ఇవ్వాలి, గోడ మీద సన్ బొమ్మ లేకుండా. 2021 జూన్‌లో ప్రభుత్వాన్ని విమర్శించే పేపర్ 'ఆపిల్ డైలీ' మూతపడిన ఊళ్లో, ప్రభుత్వమే నడిపే మ్యూజియం అలాంటి గది పెడుతుందా అంటే నాకైతే అనుమానమే. స్టాన్లీ స్ట్రీట్ 24లో ఇప్పుడు పేరున్న టీ హౌస్ నడుస్తోంది. మ్యూజియం దాకా పోకుండానే అక్కడికి వెళ్లి కూర్చోవచ్చు.