కొల్లేటి చేపల చెరువు గట్టుకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ గట్టుగారి సముఖానికి,

కొల్లేరు చూపిస్తానని మా చుట్టాలందర్నీ ఆదివారం బయల్దేరదీసింది నేనే. కైకలూరు దాటాక ఎటు చూసినా మీరే. "ఇంతకీ సరస్సేదిరా?" అంది పిన్ని. ఈ గట్టు అవతలే అన్నాను. ఎక్కి చూస్తే వెదురు బొంగులకు వేలాడే చిల్లుల మేతసంచులు, వాటి వెనక మళ్లీ మీరే. కొల్లేటి చాంతాడంత పొడుగున్నారు, సంతోషం.

1999లో సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాకు, అంటే ప్రపంచంలో కాపాడుకోవాల్సిన చిత్తడినేలల జాబితాకు, ఎక్కించారు. ఆ కాగితాల మీదుగానే కదా మీ మట్టి ట్రాక్టర్లు నడిచాయి! 2006లో పొక్లెయిన్లు పెట్టి మిమ్మల్ని కొట్టించారు. ఎంత వినయంగా ఒరిగారో, అంత నిదానంగా లేచారు. ఐదో కాంటూరును, అంటే ఆ ఐదడుగుల ఎత్తు హద్దును, మూడుకు దించమని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మీరు మాత్రం దిగరు.

బోటు టికెట్టు, గుర్రపుడెక్క, ఒడ్డున బిర్యానీ డబ్బాలు... వాటి సంగతి ఇంకోసారి.

ఆటపాకలో గూడబాతులకు, అదే పెలికాన్లకు, ఇనప స్టాండ్లు వేసి, గూళ్లు కట్టుకోండన్నాం. అంతలావు పక్షి ఆ చువ్వల మీద పుల్ల పెడితే జారిపోతోంది, పోయి ఇంకోటి తెచ్చుకుంటోంది. పాపం, దానికి ఫిర్యాదు చేయడం కూడా రాదు.

బుడమేరు, తమ్మిలేరు పొంగి దిగితే ఆ నీటిని కడుపులో దాచుకుని, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి పంపడం కొల్లేరు పని. ఆ దారికి అడ్డంగా కూర్చున్నావు నువ్వు! నీళ్లేమో లంక ఊళ్ల ఇళ్లల్లోకి, నీ నెత్తిన మాత్రం లారీ పోయేంత పొడి రోడ్డు. సిగ్గులేదూ? మట్టికి సిగ్గేమిటిలే. నిన్ను పోయించి, కౌలుకిచ్చి, పట్నంలో కూర్చుని ఏడాదికోసారి లెక్క చూసుకునేవాళ్లను అడగాలి.

మేం చూస్తుండగానే ఓ కుర్రాడు టపాకాయ వెలిగించి విసిరాడు. కొంగలన్నీ చెదిరిపోయాయి. ఎందుకురా అంటే, చేపలు తినేస్తున్నాయండీ అన్నాడు. పక్షుల అభయారణ్యంలో పక్షి చేప తింటే దొంగతనం! కావలి గుడిసె వాడిదే, చెరువు వాడిది కాదు. లంక ఊరి పిల్లాడు. వాళ్ల తాత ఇక్కడే, నువ్వు లేని రోజుల్లో, వలేసి కొరమీను పట్టేవాడట. మనవడికిప్పుడు కొంగల్ని తోలినందుకు జీతం.