పాత విమానం సరే, బిల్లు ఎవరిది?

తెలంగాణ ప్రభుత్వ పెద్దల పర్యటనలకు దూరప్రయాణాల జెట్ ఒకటి ఉండాలని, కొత్తది కాకుండా ఒకరు వాడి అమ్ముతున్నది తీసుకుంటే చౌకగా వస్తుందని రాజధానిలో మళ్లీ మాటలు మొదలయ్యాయి. ఆ ‘చౌక’ అన్న మాటే మమ్మల్ని భయపెడుతోంది.

మక్తల్‌లోనో మిర్యాలగూడలోనో పాత ట్రాక్టర్ కొనే రైతు ఒంటరిగా వెళ్లడు. తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుంటాడు. ఇంజన్ స్టార్ట్ చేయించి పొగ రంగు చూస్తాడు. ఆర్‌సీ మీద ఫైనాన్స్ బాకీ ఉందేమో కనుక్కుంటాడు. ఆ తరువాతే బయానా ఇస్తాడు. తన కష్టార్జితం కనుక అంత జాగ్రత్త. జనం సొమ్ముతో విమానం కొనాలనేవారి నోట ధర తప్ప మరో మాట రావడం లేదు.

విమానానికి కొన్న ధర మొదటి ఖర్చు మాత్రమే. ఎగరకుండా హ్యాంగర్‌లో నిలబడి ఉన్నా గడువు వస్తే తనిఖీ చేయించాల్సిందే. ల్యాండింగ్ గేర్‌ను, అంటే విమానం దిగే చక్రాల అమరికను, ఊడదీసి బాగుచేయించాలి. ఇంజన్ల నిర్వహణ పథకంలో చేరితే ఎగిరిన ప్రతి గంటకూ డబ్బు కట్టాలి. ఆ రకం విమానం నడపడానికి ప్రత్యేక శిక్షణ పొందిన పైలట్లను ఏడాది పొడవునా జీతమిచ్చి ఉంచుకోవాలి. విమానం పాతబడితే ధర తగ్గుతుంది గానీ మరమ్మతులు పెరుగుతాయి. ఎగిరిన గంటలు, మరమ్మతులు రాసే లాగ్‌బుక్కుల్లో కొన్నేళ్ల లెక్క కనిపించకపోతే రేపు అమ్మబోయినా కొనేవాడు దొరకడం కష్టం. ఏనుగును కొన్నవాడు అంకుశానికి బేరమాడలేడు. ఈ బిల్లు ఎవరిది?

పెట్టుబడుల కోసం విదేశాలు తిరిగే ముఖ్యమంత్రికి సమయం, భద్రత ముఖ్యమని సమర్థకులు అంటున్నారు. కాదనం. అవసరమైన నాడు అద్దెకు తీసుకోవచ్చు.

ఈ తరగతిలో పేరున్న గల్ఫ్‌స్ట్రీమ్ జీ550 ఆగకుండా సుమారు 12,500 కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీ అందులో పదో వంతు. నిండు బరువుతో లేవాలంటే దానికి 1,800 మీటర్ల రన్‌వే కావాలి. నల్లగొండ పట్టణంలో విమానం దిగే చోటే లేదు. పాలమూరులో గుడిబండ విమానాశ్రయం ప్రతిపాదన దాటలేదు. అంటే ఈ జెట్ ఎక్కి మా జిల్లాల కష్టం చూడటానికి ఎవరూ రాలేరు. కానీ బిల్లులో మా వాటా తప్పదు.

గుజరాత్ 2019లో 191 కోట్లు పెట్టి జెట్ కొన్నది. ఒక రాష్ట్రం కొంటే ఇంకో రాష్ట్రానికి అదే సాకు. ఒక ముఖ్యమంత్రి ఎక్కితే తరువాత వచ్చేవారికి అది హక్కు. ఇవాళ విపక్షంలో కూర్చుని దుబారా అని అరిచేవారు రేపు అదే మెట్లెక్కుతారు. మధ్యప్రదేశ్ ప్రభుత్వ విమానం 2021 మేలో గ్వాలియర్‌లో దిగుతూ దెబ్బతింటే, ఆ ప్రభుత్వం 85 కోట్లు కట్టమని పైలట్‌కే నోటీసు పంపింది. కొనేటప్పుడు అడగని ప్రశ్న దెబ్బతిన్నప్పుడు అడిగారు: బిల్లు ఎవరిది?

2015లో పునాదిరాయి పడిన పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల నీళ్ల కోసం రైతులు ఇంకా ఎదురుచూస్తున్నారు. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. కాలువల మాట ఎత్తితే ఖజానా ఖాళీ అంటారు. ఖాళీ ఖజానాకు విమానం ఎలా కనిపించింది?

కొనుగోలు ధరతో పాటు పదేళ్ల నిర్వహణ ఖర్చు, బీమా, స్వతంత్ర నిపుణుల తనిఖీ నివేదిక శాసనసభ ముందు పెట్టండి. పెట్టే ధైర్యం లేకపోతే ఆ ఊసే ఎత్తకండి.