నేలపట్టులో గూళ్ల దగ్గర గోల

గూడు కట్టే పక్షుల మీద మీరు వేసిన వ్యాసంలో వాటికి వేటగాళ్ల వల్లే ముప్పు అన్నట్టు రాశారు. మా నెల్లూరు వైపు చూస్తే వేట కంటే సరదాకు వచ్చే జనంతోనే ఎక్కువ టెన్షన్. ఫ్లెమింగోలు పులికాట్ సరస్సుకు మేతకే వస్తాయి, గుడ్లు పెట్టేది ఎక్కువగా గుజరాత్‌లోని కచ్‌లో. ఇక్కడ పిల్లల్ని పెంచేవి నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం చెరువులో, నీళ్లలో నిలిచిన కడప అనే రకం చెట్ల మీది గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు. చలికాలమంతా అదే పని. సరిగ్గా సంక్రాంతి సెలవుల్లో జనం స్పీకర్లతో, డ్రోన్లతో దిగుతారు.

గూడబాతు పిల్లకు పుట్టినప్పుడు ఒంటి మీద ఈక ఉండదు. తల్లి రెక్క నీడే దిక్కు. చప్పుడుకు బెదిరి తల్లి లేచిందా, ఎండకు పిల్ల వాడిపోతుంది, ఈలోగా కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది. మనకేమో పక్షులన్నీ ఒక్కసారిగా లేస్తే వీడియో బాగా వస్తుంది!

1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అడవి పక్షి గుడ్లను, గూళ్లను కదిలించినా వేట కిందే లెక్క. ఈ మాట గేటు దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి. చెరువు గట్టున పక్షులు చిక్కుకునే తెగిన నైలాన్ వలలు, గాలిపటాల మాంజా ఏరించే పని స్కూలు పిల్లలకు చెప్పినా సంతోషంగా చేస్తారు. పెద్దవాళ్లతోనే కష్టం.