రాయబారం చూడనిస్తే కదా!

చిన్నప్పటి నుంచి రేడియోలో, క్యాసెట్లలో విన్న శ్రీకృష్ణ రాయబారం ఇన్నాళ్లకు స్టేజీ మీద చూసే యోగం పట్టింది. తిరుపతి వేంకట కవుల పద్యాలు రంగస్థల నటులు పీసపాటి, షణ్ముఖి గొంతుల్లో విని విని కంఠతా వచ్చేశాయి నాకు.

ఆరింటికన్న నాటకం తొమ్మిదింటికి గానీ మొదలవలేదు. అంతసేపూ సన్మానాలే! శాలువా కప్పడం, ఫొటో దిగడం, మైకందుకుని ‘రెండే రెండు ముక్కలు’ అంటూ అరగంట లాగడం. కిరీటం పెట్టుకున్న కృష్ణుడు తెర పక్కన చెమటలు కక్కుతూ నిలబడే ఉన్నాడు. పెద్దాయనకు కుర్చీ వేసే దిక్కు లేదు. చూస్తుంటే కడుపు మండిపోయింది.

ఎట్టకేలకు ‘జెండాపై కపిరాజు’ పద్యం ఎత్తుకున్నాడు. ఒళ్లు ఝల్లుమంది. హార్మోనియం ఆయన గొంతు వెంటే పైకి వెళ్తోంది, రాగం ఇంకా దిగనే లేదు, ముందు వరుసలో ఒకాయన వీడియో కాల్ పెట్టి ‘వినబడుతోందా?’ అని ఒకటే అరుపులు! జనం ‘వన్స్ మోర్’ అన్నారు. కృష్ణుడు మళ్లీ అందుకోబోతుంటే, టైమైపోయిందంటూ నిర్వాహకుడొకడు సైగ చేశాడు.

ఉపన్యాసాలకున్న టైము పద్యానికి లేదా? ఆ సన్మానాలేవో నాటకం అయ్యాక పెట్టుకోండయ్యా, మీకు దణ్ణం పెడతాను!